చీరల కౌంటరు, వెలుతురు పడని కళ్లు: మైగ్రేన్ రోగికి గులాబీ అద్దాలు అమర్చిన ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని రోగి వయసు 34 ఏళ్లు. విజయవాడలో ఒక పెద్ద చీరల షోరూమ్‌లో కౌంటరు దగ్గర చీరలు విప్పి చూపించే ఉద్యోగం. ఆమె నా కంటి క్లినిక్కుకు వచ్చింది తలనొప్పికి మందు కోసం కాదు, కళ్లజోడు కోసమూ కాదు. డ్యూటీలో నల్ల కూలింగ్ గ్లాసులు పెట్టుకోవడం తనకు అవసరమని మేనేజరుకు చూపించేందుకు ఒక కాగితం రాసిమ్మని అడగడానికి వచ్చారు. నల్లద్దాలతో నిలబడితే కళ్లకలక వచ్చిందేమోనని కొనడానికి వచ్చినవారు పక్క కౌంటరుకు జరుగుతున్నారని మేనేజరు అభ్యంతరం చెప్పారట. ఆ కాగితం నేను రాయలేదు. ఎందుకు రాయలేదో, దానికి బదులు ఏం చేశామో, చేసినవాటిలో ఏది ఎంతవరకు పనికొచ్చిందో ఈ వ్యాసంలో వివరిస్తాను. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చాను.

పూర్వ చరిత్ర

ఆమెకు పద్దెనిమిదో ఏట నుంచి ఒంటి కణత నొప్పి ఉంది. తల్లికీ ఉండేది. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు మొదలై, నాడి కొట్టుకున్నట్టు ఒకవైపే వచ్చి, మెట్లెక్కితే పెరిగి, వాంతి అయ్యాక కొంత నెమ్మదించే నొప్పి అది. మందు వేసుకోకపోతే ఒక రోజంతా, ఒక్కోసారి రెండు రోజులు ఉండేది. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ మూడో కూర్పు మైగ్రేన్‌కు చెప్పిన లక్షణాలన్నీ, అంటే 4 నుంచి 72 గంటల వ్యవధి, ఒకవైపు నొప్పి, శ్రమతో పెరగడం, వికారం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం, ఇందులో ఉన్నాయి. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించడం వంటివి ఎప్పుడూ లేవు.

ఇది పాత కథ. కొత్త కథ ఏడాదిన్నర కిందట, షోరూమ్‌ను బాగుచేయించి, పైకప్పు నిండా ఎల్‌ఈడీ స్పాట్‌లైట్లు, గోడలకు అద్దాలు, నేలకు మెరిసే తెల్ల టైల్సు వేయించిన తర్వాత మొదలైంది. అంతకుముందు నొప్పి వచ్చిన రోజునే వెలుతురు పడేది కాదు. ఆ తర్వాత నొప్పి లేని రోజుల్లో కూడా వెలుతురు గుచ్చుకోసాగింది. మొదట ఎండలో మాత్రమే పెట్టుకున్న కూలింగ్ గ్లాసులు క్రమంగా బస్సులోకి, తర్వాత ఇంట్లోకి, చివరికి వంటగదిలో ట్యూబులైటు కిందికి కూడా వచ్చేశాయి. సాయంత్రం ఇల్లు చేరాక దీపాలు ఆర్పేసి కూర్చునేవారు. నెలలో 14 రోజుల వరకు ఏదో ఒక స్థాయిలో తలనొప్పి ఉండేది. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కున్న, రెండు మూడు మందులు కలిసిన నొప్పి మాత్రలు నెలకు సుమారు 12 రోజులు వేసుకునేవారు. ఈ చివరి అంకె చాలా ముఖ్యమైనది. ఇలాంటి మిశ్రమ మాత్రలను నెలకు 10 రోజులు లేదా అంతకంటే ఎక్కువగా మూడు నెలలకు మించి వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని నిలబెట్టే స్థితి ఏర్పడవచ్చు.

పరీక్షలో కనిపించినవి

వెలుతురు పడని ప్రతి కన్నూ మైగ్రేన్ కన్ను కాదు. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మీద గీత, యువియైటిస్ (కంటి లోపలి పొర వాపు), కళ్లు పొడిబారడం, తలలో ఒత్తిడి పెరగడం, తలకు దెబ్బ, కనురెప్పలు తమంతట తాము బిగుసుకుపోయే జబ్బు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వంటివి ముందు దృష్టిలో పెట్టుకోవాలి. ఇవన్నీ చూడకుండా రంగు అద్దం అమర్చడం ప్రమాదం.

రెండు కళ్లలోనూ చూపు 6/6. కుడి కంటికి అర డయాప్టరు, ఎడమ కంటికి ముప్పావు డయాప్టరు సిలిండరు పవర్ (కంటి వంపు అన్ని దిక్కులా సమంగా లేనప్పుడు వేసే పవర్) ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ సరిచేయలేదు. కంటిపాపల స్పందన, కంటి కదలికలు, కంటి ఒత్తిడి మామూలుగా ఉన్నాయి. స్లిట్‌ల్యాంపులో కార్నియా వెనుక నీరుండే ముందరి గది నిర్మలంగా ఉంది, యువియైటిస్ సూచనలు లేవు. కంటిపాపలు పెద్దవి చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలు వెలుతురు మరీ బాధిస్తుందని ముందే చెప్పి, ఆమె సెలవు రోజున ఆ పరీక్ష చేశాను. కంటి నరం మొదలయ్యే ఆప్టిక్ డిస్క్ అంచులు స్పష్టంగా ఉన్నాయి, వాపు లేదు. ఈ వయసు స్త్రీలలో, ముఖ్యంగా బరువు పెరిగినవారిలో, తలలో ఒత్తిడి పెరిగే జబ్బు మైగ్రేన్‌లాగే కనిపించగలదు కాబట్టి ఈ పరీక్షను వాయిదా వేయకూడదు. రంగుల గుర్తింపును పరీక్షించే ఇషిహారా పలకలన్నీ తప్పు లేకుండా చదివారు. ఈ విషయం తర్వాత చాలా పనికొచ్చింది.

కన్నీటి పొర మాత్రం రెండు కళ్లలోనూ ఆరు సెకన్లకే చిట్లిపోతోంది. పది సెకన్లు దాటి నిలవాలి. ఆమె నిలబడే చోట ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతుందని అడిగితే తెలిసింది. కార్నియా నరాలు కూడా మైగ్రేన్ నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడికే చెందినవి కనుక, పొడి కన్ను వెలుతురు బాధను పెంచుతుంది. మైగ్రేన్‌తో పాటు అది కూడా ఉన్నప్పుడు ముందు దాన్ని సరిచేయాలి.

అప్పటికే ఆమె దగ్గర ఒక కళ్లజోడు ఉంది. పవర్ లేని ‘బ్లూ కట్’ అద్దాలవి. తలనొప్పి పోతుందని చెప్పి అమ్మారట. మన ఊళ్లలో ఈ మాట చెప్పని కళ్లజోళ్ల దుకాణం దొరకడం కష్టం. ఈ అద్దాలు చాలావరకు ఆపేది తరంగదైర్ఘ్యం 420 నానోమీటర్ల లోపు ఉన్న ఊదా వెలుతురును. మైగ్రేన్‌తో సంబంధం ఉన్నట్టు కనిపిస్తున్న 480 నానోమీటర్ల ప్రాంతాన్ని అవి దాదాపుగా ముట్టుకోవు. నీలి కాంతిని వడకట్టే అద్దాల వల్ల కంప్యూటరు ముందు కలిగే కంటి అలసట తగ్గుతుందనడానికి తగిన ఆధారం కనిపించలేదని 2023లో వచ్చిన కోక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా తేల్చింది.

నల్లద్దాలు ఎందుకు వద్దన్నాను

మ్యాట్నీ చూసి బయటికి రాగానే ఎండ కళ్లను ఎలా కొడుతుందో అందరికీ తెలుసు. ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకునే మనిషి కళ్లు రోజంతా ఆ చీకటికే అలవాటుపడి ఉంటాయి; అద్దాలు తీసిన క్షణాన మామూలు ట్యూబులైటు కూడా భరించరానిదవుతుంది. దాంతో మరింత నల్లని అద్దం కావాలనిపిస్తుంది. ఆమె విషయంలో ఎండ నుంచి వంటగది దాకా అద్దాలు ప్రయాణించిన తీరే దీనికి సాక్ష్యం. షోరూమ్‌లో నల్లద్దాలకు కాగితం రాసిస్తే ఆ వలయాన్ని నేనే పూర్తి చేసినట్టయ్యేది.

ఒక్కసారిగా మానేయమనడం కూడా సరికాదు. మొదట సూర్యాస్తమయం తర్వాత ఇంట్లో, ఆ తర్వాత పగలు ఇంట్లో, ఆపైన బస్సులో, ఇలా వారాల మీద మానిపించాం. మిట్ట మధ్యాహ్నం ఎండలో మాత్రం ఉంచుకోమన్నాను. కళ్లకు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, కనురెప్పలకు వేడి కాపడం మొదలుపెట్టాం. కౌంటరు దగ్గర ఏసీ గాలి దారి మళ్లించారు. అదే వారంలో న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. ఆయన ఆస్తమా లేదని నిర్ధారించుకుని మైగ్రేన్ రాకుండా వాడే ప్రొప్రనొలాల్ ప్రారంభించి, మిశ్రమ మాత్రలు మాన్పించి, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వాడుకునేలా పరిమితితో వేరే మందు ఇచ్చారు. మైగ్రేన్ నివారణకు టోపిరమేట్ వాడుతున్నవారైతే, హఠాత్తుగా దూరపు చూపు మసకబారినా, కంటి నొప్పి వచ్చినా వెంటనే రమ్మని చెప్పడం నాకు అలవాటు. ఆ మందు అరుదుగా కంటి లోపలి నీరు బయటికి పోయే కోణం మూసుకుపోయేలా చేస్తుంది. అది కూడా తలనొప్పిగానే మొదలుకావచ్చు.

అద్దాల సంగతి రెండు నెలల పాటు వాయిదా వేశాం. అన్నీ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. రెండు నెలల తర్వాత తలనొప్పి రోజులు 14 నుంచి 9కి, మాత్రల రోజులు 12 నుంచి 5కు తగ్గాయి. తలనొప్పి జీవితాన్ని ఎంత అడ్డుకుంటోందో కొలిచే హిట్-6 ప్రశ్నావళిలో 66 నుంచి 62కు దిగారు. ఇందులో 60, ఆపైన వస్తే తీవ్ర ప్రభావం కిందే లెక్క. ఆ తర్వాత మూడు వారాలు గడిచినా అంకెలు అక్కడే ఆగాయి. షోరూమ్ వెలుతురు మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉందన్నారు.

గులాబీ అద్దం వెనుక ఉన్న లెక్క

ఎఫ్‌ఎల్-41 అనేది గులాబీ, ఇటుక రంగుల నడుమ ఉండే ఒక అద్దకం. ఫ్లోరసెంట్ దీపాల వెలుతురు పడనివారి కోసం ఇంగ్లండులో పుట్టింది. సుమారు 480 నుంచి 520 నానోమీటర్ల వరకు ఉండే నీలి-ఆకుపచ్చ వెలుతురును ఎక్కువగా పీల్చుకుని, ఎరుపు వైపును చాలావరకు వదులుతుంది. బర్మింగ్‌హామ్‌లో గుడ్, టేలర్, మోర్టిమర్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, మైగ్రేన్ ఉన్న పిల్లలు ఈ అద్దాలు నాలుగు నెలలు పెట్టుకున్నాక సగటున నెలకు 6.2 సార్లు వచ్చే నొప్పి 1.6 సార్లకు తగ్గింది. అందులో మొత్తం పాల్గొన్నవారు 20 మందే. నన్ను ఆకట్టుకున్నది మరో విషయం: పోలిక కోసం నీలి అద్దాలు ఇచ్చిన పిల్లలకు కూడా మొదటి నెలలో నొప్పి తగ్గింది, కానీ ఆ మేలు నిలవలేదు. కొత్త కళ్లజోడు ఏదైనా కొన్నాళ్లు మేలు చేసినట్టే ఉంటుంది. అందుకే నాలుగు నెలలు నిండక ముందు ఫలితం చెప్పకూడదని ముందే నిర్ణయించుకున్నాను.

480 అనే అంకెకు అర్థం తర్వాతి కాలంలో దొరికింది. కంటి వెనుక తెరైన రెటీనాలో, చూపుకు పనికొచ్చే రాడ్లు, కోన్లు అనే కణాలు కాక, మెలనాప్సిన్ అనే వర్ణకంతో తమంతట తామే వెలుతురుకు స్పందించే గాంగ్లియన్ కణాలు ఉన్నాయని 2002లో రుజువైంది. ఇవి బొమ్మలు చూపించవు. కంటిపాప ముడుచుకోవడం, నిద్రా మెలకువల గడియారం వంటివి నడిపిస్తాయి. వీటి స్పందన 480 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. 2010లో నోసెడా, బర్‌స్టీన్ బృందం మైగ్రేన్ ఉన్న అంధులను పరిశీలించింది. బొమ్మ కనిపించకపోయినా వెలుతురు తెలిసేవారికి వెలుతురుతో నొప్పి పెరిగింది. వెలుతురు కూడా ఏమాత్రం తెలియనివారికి పెరగలేదు. మెదడు పొరల నొప్పిని అందుకునే థాలమస్ (మెదడులో సంకేతాలు కలిసే భాగం) కణాల దగ్గరికే రెటీనా నుంచి ఈ సంకేతాలు కూడా చేరుతున్నాయని అదే బృందం ఎలుకల్లో చూపింది.

ఇక్కడితో లెక్క తేలిపోయిందని అనలేం. అదే బృందం 2016లో ఆకుపచ్చ వెలుతురు మిగతా రంగుల కంటే తక్కువ బాధిస్తుందనీ, నీలంతో పాటు ఎరుపు, కాషాయ వెలుతురు కూడా నొప్పిని పెంచుతాయనీ చూపింది. ఎరుపును వదిలే ఎఫ్‌ఎల్-41 మరి ఎలా పనిచేస్తున్నట్టు? ఈ రెండూ సరిగా పొసగవు. రోగికి కూడా ఇదే చెప్పాను: ఇది తేలిపోయిన శాస్త్రం కాదు, హాని తక్కువైన ప్రయత్నం.

అద్దం ఎంపిక, తయారీ

క్లినిక్కులో వెలుతురును పెంచుతూ తగ్గించుతూ పోగల ఒక ఎల్‌ఈడీ పలక ముందు ఆమెను కూర్చోబెట్టి, ‘చాలు’ అన్నచోట అద్దానికి ముందు ఎన్ని లక్సులు (వెలుతురు కొలత) ఉన్నాయో రాసుకున్నాను. ఇది ప్రామాణిక పరీక్ష కాదు, మోటు కొలత. ఏ అద్దమూ లేకుండా సుమారు 180 దగ్గర ఆగమన్నారు. వెలుతురును సగానికి తగ్గించే బూడిదరంగు అద్దంతో 350 దగ్గర, అంటే కంటికి చేరేది ఇంచుమించు అదే 180 అయినప్పుడు ఆగమన్నారు. అంతే సగం వెలుతురును వదిలే ఎఫ్‌ఎల్-41తో 600 దాకా ఓర్చుకున్నారు. రంగు కంటికి కనబడేదే కనుక రోగికి తెలియకుండా పరీక్షించడం సాధ్యం కాదు. ఆ లోపం ఈ కొలతలో ఉంది. అయినా బూడిదరంగుతో పోలిక లేకుండా గులాబీ అద్దం గురించి ఏమీ చెప్పలేం.

తయారీ దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఎఫ్‌ఎల్-41 కావాలని రాసి పంపితే, ఒక ల్యాబు చూడ్డానికి సరిగ్గా అలాగే ఉన్న మామూలు గులాబీ టింటు వేసి పంపింది. ఏ తరంగాన్ని ఎంత వదులుతోందో కొలిచే స్పెక్ట్రోఫొటోమీటరులో పెట్టి చూస్తే 480 దగ్గర వెలుతురు పెద్దగా తగ్గడమే లేదు. రెండు అద్దాలు ఒకే రంగులో కనిపించినంత మాత్రాన ఒకే తరంగాలను ఆపుతున్నాయని కాదు. ఆర్డరులో రంగు పేరు కాకుండా, ఏ తరంగం దగ్గర ఎంత శాతం వదలాలో చూపే గ్రాఫు జతచేసి, తయారైన అద్దానికీ గ్రాఫు అడగాలి. సీఆర్-39 ప్లాస్టిక్ వేడి రంగు నీళ్లలో ముంచితే రంగు బాగా పడుతుంది. పాలీకార్బనేటు నేరుగా పీల్చుకోదు. ముందు రంగు వేయించి, ఆ తర్వాతే యాంటీ రిఫ్లెక్షన్ కోటింగు వేయించాలి. ఆ కోటింగు అద్దం లోపలి వైపు కూడా తప్పనిసరి. లేకపోతే వెనుక ఉన్న స్పాట్‌లైట్లు అద్దంలో ప్రతిఫలించి కంట్లోకే వస్తాయి. పక్కల నుంచి వెలుతురు దూరకుండా కాస్త పెద్దదీ, ముఖానికి దగ్గరగా ఒదిగేదీ అయిన ఫ్రేము ఎంచుకున్నాం. సిలిండరు పవర్ కూడా అందులోనే వేశాం.

రంగుల చిక్కు

సగం వెలుతురును వదిలే ఆ అద్దం పెట్టుకుని పనిలోకి వెళ్లిన మొదటి వారంలోనే ఆమె ఫోన్ చేశారు. “సార్, కళ్లకు హాయిగానే ఉంది, కానీ నెమలికంఠం చీరకు రామా గ్రీన్ బ్లౌజు ముక్క తీసిచ్చాను. పక్కనున్న అమ్మాయి చూసి ఆపింది” అన్నారు.

ఇది ఊహించదగినదే. రెటీనాకు చేరకుండా అద్దం ఆపుతున్న ఆ నీలి-ఆకుపచ్చ పట్టీయే నెమలికంఠాన్నీ, రామా గ్రీన్‌నూ విడివిడిగా చూపేది. ఆ రెండూ ఆమెకు ఒకే మసకబూడిద ఛాయలో కనిపించాయి. చిలకపచ్చ కొంత పాలిపోయింది, గంధం రంగు కాస్త కనకాంబరం వైపు జరిగింది. రాణీ రంగు, వంగపండు రంగు, జరీ మెరుపు పెద్దగా మారలేదు. కళ్లు కొద్దిసేపటికి గులాబీ ఛాయకు అలవాటుపడి తెలుపును తెలుపుగానే చూపిస్తాయి. కానీ ఆపేసిన తరంగాలు తెచ్చే తేడాను ఏ అలవాటూ తిరిగి ఇవ్వలేదు. లెక్కలు రాసే ఉద్యోగికి ఇది పట్టింపే కాదు. చీరలు చూపించే మనిషికి ఇదే జీవనాధారం. అధ్యయనాలు తలనొప్పి రోజులను లెక్కపెడతాయి గానీ, రోగి రోజంతా ఏ రంగుల మధ్య బతుకుతున్నారో అడగవు. ఆ ప్రశ్న మనమే అడగాలి, అదీ అద్దం ఆర్డరు చేయకముందే. ఇషిహారా ఫలితం ముందే చేతిలో ఉండటంతో, తప్పు ఆమె కళ్లది కాదు, అద్దానిదని మేనేజరుకు ధైర్యంగా చెప్పగలిగాం.

సుమారు 70 శాతం వెలుతురును వదిలే పలుచని ఎఫ్‌ఎల్-41 జత ఒకటి కౌంటరు కోసం చేయించాం. దానితో ఓర్పు 600 నుంచి 430కి తగ్గింది, కానీ రంగులు చాలావరకు విడివిడిగా తెలిశాయి. సగం వదిలే జతను దారిలో, భోజనం గదిలో, నొప్పి వచ్చేలా ఉన్న రోజుల్లో వాడుకోమన్నాను. చివరిగా బ్లౌజు ముక్క జత కలిపే ఆ అర నిమిషం అద్దాలు తీసి, వాకిలి దగ్గర పగటి వెలుతురులో చూడటం ఆమే పెట్టుకున్న పద్ధతి. కొనేవారు దాన్ని శ్రద్ధగా భావించి మెచ్చుకుంటున్నారట. ఆమె ఫోన్‌లో తీసిన వీడియోలో ట్రయల్ గది వైపున్న చవక ఎల్‌ఈడీ పలకల కింద అడ్డపట్టీలు కదలడం కనిపించింది. అవి మిణుకుమంటున్నాయనడానికి అది మోటు గుర్తు. ఆ పలకలను మార్పించారు. ఇంట్లో పాత చోక్ ఉన్న ట్యూబులైటును కూడా తీయించాం. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అలాంటి దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది.

రాత్రి షోరూమ్ మూసేశాక ఆమె ఒక్కోసారి అన్నయ్య స్కూటీ మీద తానే నడుపుకుంటూ ఇంటికి వెళ్తారు. 75 శాతం కంటే తక్కువ వెలుతురును వదిలే అద్దాలు చీకట్లో వాహనం నడపడానికి పనికిరావు. పైగా ఈ రంగు ఆకుపచ్చ సిగ్నలును మసకబారుస్తుంది. అందుకోసం అదే పవర్‌తో రంగులేని జత, రంగులేని హెల్మెట్ వైజరు ఖచ్చితంగా వాడాలని చెప్పాను.

నాలుగు నెలల తర్వాత

తలనొప్పి రోజులు నెలకు 9 నుంచి 6కు, మాత్రల రోజులు 5 నుంచి 3కు తగ్గాయి. హిట్-6 అంకె 55 అయింది. నొప్పి లేని రోజుల్లో షోరూమ్ వెలుతురు బాధించడం దాదాపు పోయిందని చెప్పారు. నెలసరి ముందు వచ్చే తీవ్రమైన నొప్పి మాత్రం తగ్గలేదు. అది వచ్చిన రోజున ఏ అద్దమూ పనిచేయదు, చీకటి గదే కావాలి.

ఇందులో ఎంత అద్దానిది? అద్దం లేకుండా కొలిచిన ఓర్పు కూడా 180 నుంచి 400కు పెరిగింది. ఇది గులాబీ రంగు పని కాదు. నల్లద్దాలు మానడం, పొడి కళ్లు బాగుపడటం, మందు, ఈ మూడింటి పని. 9 నుంచి 6కు తగ్గడంలో కూడా ప్రొప్రనొలాల్ ప్రభావం నెమ్మదిగా పెరుగుతూ ఉండి ఉండవచ్చు. మారిన దీపాలకూ వాటా ఉండవచ్చు. నా అంచనాలో, అద్దం నికరంగా చేసింది షోరూమ్‌లో ఆమెను పూర్తి షిఫ్టు నిలబెట్టడం. సెలవులు తగ్గాయి, మధ్యలో ఇంటికి వెళ్లిపోవడం ఆగింది. తలనొప్పుల సంఖ్యను అద్దం తగ్గించిందని ఈ ఒక్క కేసు ఆధారంగా నేను చెప్పను.

న్యూరాలజిస్టు వచ్చే నెల నుంచి ప్రొప్రనొలాల్‌ను మెల్లగా తగ్గించాలని అనుకుంటున్నారు. ఆ కాలమంతా అద్దాలు మార్చకుండా, తలనొప్పి డైరీ రాస్తూ ఉండమన్నాం. అంకెలు మళ్లీ 9 వైపు వెళ్తే మేలు మందుదని, 6 దగ్గరే నిలిస్తే అద్దానికీ దీపాలకూ కొంత వాటా ఉందని అప్పుడు అనుకోవచ్చు. ముంచి వేసిన రంగు వాడకంలో వెలిసిపోతుంది కనుక, ఆ సమయానికి రెండు జతలనూ మళ్లీ స్పెక్ట్రోఫొటోమీటరులో పెట్టి 480 దగ్గరి శాతం సరిచూడాల్సి ఉంది.